సొన అంటితే మంట

అమెరికాలో జనాన్ని హడలెత్తించే ‘పాయిజన్ ఐవీ’ మన నేల మీద మొలవదు. దాని దగ్గరి చుట్టాలు మాత్రం చిత్తూరు తోపుల్లోనూ గుట్టల్లోనూ తరతరాలుగా మనతోనే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం, తప్పించుకోవడం, అంటితే వెంటనే కడుక్కోవడం తెలిస్తే చాలు. ఆ మూడూ ఈసారి కోతల్లోపు ప్రతి కూలీకీ, ప్రతి రైతుకూ, ప్రతి బడి పిల్లాడికీ తెలియాలి.

జూన్ వచ్చిందంటే పూతలపట్టులో తెల్లారేది ట్రాక్టర్ల మోతతోనే. కర్నూలు నుంచి చిత్తూరుకు దిగే రహదారిలో తిరుపతి దారి చీలే కూడలి ఇది. తోతాపురి కాయలు నింపుకొన్న బండ్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి. ఇటు బంగారుపాళ్యం మార్కెట్లోనూ అటు దామలచెరువు మార్కెట్లోనూ రేటెంత, తూకమెంత అన్నదే మాట. కోతలు సాగే రెండు నెలలూ కాయ గురించి మాట్లాడని మనిషి ఉండడు. కాయ కోసిన చేతుల గురించి మాట్లాడేవాళ్లు అరుదు.

తోపులోకి వెళ్తే ఆ చేతులు కనబడతాయి. ఒకరు కొమ్మెక్కి కోస్తుంటారు, ఒకరు దోటీతో అందుకుంటారు, ఆడవాళ్లు కింద కాయలు ఏరి కుప్ప పోస్తుంటారు. తొడిమ ఊడిన ప్రతి కాయ నుంచీ సొన చిమ్ముతుంది. ముంజేతుల మీద, మెడ మీద, పైకెత్తిన ముఖం మీద పడి, ఆరి, నల్లటి చారలవుతుంది. ఆ సాయంత్రానికి చాలామందికి ఏమీ అనిపించదు. రెండో రోజో మూడో రోజో కొందరికి సొన పడిన చోటల్లా దురద మొదలవుతుంది. చర్మం ఎర్రబడి, దద్దుర్లు లేచి, నీటి పొక్కులు తేలతాయి. ఇంట్లోవాళ్లు ‘వేడి చేసింది’ అంటారు. ఇంకొకరు ‘అమ్మవారు’ అంటారు. మందుల షాపులో ఏదో ట్యూబు కొని పూసుకుని మర్నాడు మళ్లీ తోపుకే పోతారు.

అది వేడీ కాదు, అమ్మవారూ కాదు. చెట్టు రసానికి చర్మం ఇచ్చిన జవాబు. వైద్యులు దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. ఎందుకొస్తుందో తెలుసు, ఎలా ఆపాలో తెలుసు. అయినా ఏటా కోతల కాలంలో ఇది కూలీల తలరాతగానే మిగిలిపోతోంది. తలరాత కాదని చెప్పడానికే ఈ కథనం.

ఒకే వంశం, ఒకే మంట

మామిడి, ముంతమామిడి, అడవిలోని నల్లజీడి, మన గుట్టల మీద సారపప్పు కాసే మొర్రి చెట్టు, దుకాణాల్లో దొరికే పిస్తా అన్నీ ఒకే వృక్ష కుటుంబానివి. శాస్త్రవేత్తలు దానికి అనకార్డియేసీ అని పేరు పెట్టారు. ఉత్తర అమెరికాలో అడవుల్లోనూ పెరళ్లలోనూ పాకే పాయిజన్ ఐవీ కూడా ఈ కుటుంబంలోనిదే. దాని ఆకులో, కాండంలో, వేరులో ఉరుషియాల్ అనే నూనెలాంటి పదార్థం ఉంటుంది. చర్మానికి ఒక్క చుక్క అంటినా, పడనివాళ్లకు ఒళ్లు పొక్కిపోతుంది.

మామిడి సొనలోనూ కాయ తొక్కలోనూ ఉండే రెసార్సినాల్ జాతి రసాయనాలు ఈ ఉరుషియాల్‌కు దగ్గరగా ఉంటాయి. నల్లజీడి గింజలోని భిలావనాల్ ఇంకా దగ్గర. ముంతమామిడి గింజ పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. పేర్లు వేరైనా నిర్మాణంలో పోలిక ఉండటంతో, ఒకదానికి ఎదురుతిరిగిన చర్మం మరొకటి తగిలినా అలాగే ఎదురుతిరుగుతుంది.

మామిడి గుజ్జులో ఈ రసాయనాలు నామమాత్రమే. ఉపద్రవమంతా తొక్కలో, తొడిమ దగ్గరి సొనలో ఉంటుంది. పచ్చికాయను కడగకుండా ఉప్పూకారం అద్దుకుని కొరికిన పిల్లల పెదవుల చివర పుండ్లు పడేది ఇందుకే. ఊరగాయకు కాయలు కొట్టినవాళ్ల వేళ్లు మండేదీ ఇందుకే. కాయను బాగా కడిగి, తొడిమ వైపు ముక్క తీసేసి, తొక్క చెక్కి తింటే చాలామందికి ఏ బాధా ఉండదు.

రెండు రోజులు ఆగి ఎందుకు?

సొన అంటిన వెంటనే చురుక్కుమంటే అది రసం నేరుగా కాల్చడం. అది ఎవరికైనా జరగవచ్చు. రెండు మూడు రోజులకు లేచే పొక్కులు వేరు. మొదటిసారి అంటినప్పుడు ఆ రసాయనం చర్మంలోకి ఇంకి, అక్కడి ప్రోటీన్లతో కలుస్తుంది. శరీరంలోని రక్షణ కణాలు దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుంటాయి. ఇది పూర్తవడానికి వారం పది రోజులో అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. పైకి ఏమీ కనబడకపోవచ్చు. ఆ తర్వాత ఎప్పుడు అంటినా టీ-కణాలనే ఆ రక్షణ కణాలు అక్కడికి చేరి చర్మం మీద దాడి చేస్తాయి. అవి చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే సోమవారం కోసిన కాయకు బుధవారం పొక్కు లేస్తుంది. పదేళ్లుగా కోస్తున్నా రానిది ఈ ఏడు వచ్చిందంటే, చర్మం దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకోవడం ఇప్పుడే జరిగి ఉండవచ్చు.

అయితే ఇన్ని వేల మంది తోపుల్లో పనిచేస్తుంటే కొందరికే ఎందుకు వస్తుంది? దీనికి ఇజ్రాయెల్ నుంచి ఒక ఆసక్తికరమైన ఆధారం ఉంది. అక్కడ వేసవి శిబిరంలో మామిడికాయలు కోసిన 17 మంది అమెరికన్లకు ఒళ్లు పొక్కింది. వాళ్ల పక్కనే కోసిన స్థానికులకు ఏమీ కాలేదు. 2005లో వెలువడిన ఈ పరిశీలనలో తేలిందేమిటంటే, ఆ అమెరికన్లు పాయిజన్ ఐవీ, దాని తోబుట్టువులు పెరిగే ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల చర్మం ఆ రసాయనాన్ని ముందే శత్రువుగా గుర్తుపెట్టుకుంది. స్థానికులు చిన్నప్పటి నుంచి మామిడి తింటూ పెరిగినవాళ్లు. చర్మానికి అంటకముందే నోటి ద్వారా అలవాటైన పదార్థాన్ని శరీరం సహిస్తుందని పరిశోధకులు భావించారు. మామిడి తింటూ పెరిగే మన జిల్లాలో అందరికీ పొక్కులు రాకపోవడాన్ని దీంతో కొంత అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ సహనం అందరికీ ఉండదు. పడని మనిషికి పదిమందికి పడిందన్న మాట ఊరటనివ్వదు.

నల్లజీడి: గుట్ట మీద ఉండే పెద్దన్న

ఈ వంశంలో మన వైపు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది నల్లజీడితో. శేషాచలం కొండల్లాంటి పొడి అడవుల్లో పెరిగే మధ్యరకం చెట్టు. ఆకులు పెద్దవి, దళసరివి. కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి. ఆకు అడుగువైపు బూడిద రంగుగా పాలిపోయి ఉంటుంది. బెరడుకు గాటు పడితే కారే రసం గాలి తగిలి నల్లబడుతుంది. కాయను చూస్తే ఇక పొరబడే పని లేదు: పండి నారింజ రంగుకు తిరిగిన కండగల కాడ మీద, మెరిసే నల్లని గింజ కూర్చుని ఉంటుంది. ఆ నల్ల గింజ పెంకులోనే అసలు రసం.

ఒకప్పుడు రజకులు బట్టల మీద గుర్తు పెట్టింది ఈ రసంతోనే. ఎన్ని ఉతుకులకూ చెరగని సిరా అది. రెండో ప్రపంచ యుద్ధంలో భారతదేశానికి వచ్చిన అమెరికన్ సైనికులకు మెడ వెనక, నడుము దగ్గర అంతుపట్టని దద్దుర్లు వచ్చాయి. మొదట తామర అనుకున్నారు. దద్దురు సరిగ్గా చొక్కా కాలరు మీది గుర్తు, లాగు పట్టీ మీది గుర్తు తగిలే చోటే ఉందని సైనిక వైద్యులు గమనించారు. 1943లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ఈ సంగతి రాశారు. తమ దేశపు పాయిజన్ ఐవీని బహుశా ముందే ఎరిగిన చర్మంతో వచ్చిన యువకులు, మన అడవి గింజ పెట్టిన చిన్న మచ్చతో మళ్లీ పొక్కిపోయారు. ఉతికి ఆరేసిన బట్ట మీద కూడా ఆ రసం పదును పోలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఆయుర్వేదంలో నల్లజీడికి భల్లాతకమని పేరు. ఇటుక పొడితో రుద్దడం వంటి శుద్ధి ప్రక్రియలు చేయకుండా దాన్ని వాడకూడదని ఆ శాస్త్రమే చెబుతుంది. కీళ్ల నొప్పికనో బెణుకుకనో పచ్చి గింజ నూనెను నేరుగా పూసుకుంటే చర్మం కాలి పుండు పడుతుంది. మచ్చ ఏళ్ల తరబడి పోదు. పసిపిల్లల ఒంటికి అసలే తగలనీయకూడదు. గింజలను పొయ్యిలో వేసి కాల్చకూడదు. ఆ పొగ ముఖాన్నీ కళ్లనూ ఊపిరితిత్తులనూ కూడా బాధిస్తుంది. ముంతమామిడి గింజలను ఇంట్లో కాల్చుకు తినేవాళ్లకూ ఇదే హెచ్చరిక. పెంకు నూనె చిటపటమని ఎగిరి ముఖం మీద పడుతుంది.

రోడ్డు వార వయ్యారిభామ

పూతలపట్టు నుంచి కాణిపాకం వైపు ఏ బస్సెక్కినా బీడు నేలల్లో, గుడి దారుల్లో, బడి గోడల పక్కన తెల్ల చుక్కలతో నిండిన మొక్క కనబడుతుంది. అది వయ్యారిభామ. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. దీని వంశం వేరు, రసాయనం వేరు. పార్థెనిన్ అనే పదార్థం దీని ఆయుధం. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955 ప్రాంతంలో పుణె దగ్గర గుర్తించారు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాల్చడంతో దేశమంతా పాకింది.

మోకాలి నుంచి నడుము ఎత్తు వరకు పెరుగుతుంది. కాండం మీద నిలువు గాళ్లు, నూగు ఉంటాయి. ఆకులు లోతుగా చీలి ఉంటాయి. పూలు చిన్నవి, తెల్లవి, ఒక్కోదానికి అయిదు మూలలు. చేత్తో తాకితేనే కాదు, ఎండిన మొక్క ధూళి గాల్లో ఎగిరి పడినా పడనివాళ్లకు దద్దుర్లొస్తాయి. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ముందుగా దెబ్బతింటాయి. ఎండలోకి వెళ్తే పెరుగుతుంది. ఏళ్లు గడిస్తే చర్మం మందమై నల్లబడుతుంది. పుప్పొడితో తుమ్ములు, ఆయాసం కూడా వస్తాయి. పొలం పనిచేసే నడివయసు మనిషికి ముఖం, మెడ ఎడతెగకుండా దురదపెడుతుంటే చర్మవైద్యులు ముందుగా అనుమానించే మొక్క ఇదే.

దీన్ని పీకాల్సింది పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, వేళ్లతో సహా. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. బడి పిల్లల చేత ఒట్టి చేతులతో పీకించే శ్రమదానాలు మానాలి. మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా అనే చిన్న పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది ఈ ఆకులను తిని మనకు సాయపడుతోంది. ఆకు మీద కనబడితే చంపవద్దు.

కంటికి ముప్పు, చవితి పత్రిలో జాగ్రత్త

చర్మం పొక్కితే మానుతుంది. కన్ను చెడితే బతుకే మారుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. గంటల తర్వాత చూపు మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడి ప్రమాదం. కంచెకు వేసే కాడజెముడు పాలు పడితే భరించలేని మంట, వాపు. మామిడి సొన చిమ్మి కంట్లో పడినా అత్యవసరమే.

వినాయక చవితికి పిల్లలు పత్రికి బయల్దేరే ఊళ్లు మనవి. కాణిపాకం స్వామి బ్రహ్మోత్సవాలు చవితి నాడే మొదలవుతాయి, ఇల్లిల్లూ ఆకుల కోసం వెతుకుతుంది. 21 పత్రాల్లో జిల్లేడు ఉంది, ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, మామిడి ఉంది. పూజకు తగిన ఆకులే ఇవి, నోటికి కంటికి తగినవి కావు. ఉమ్మెత్త కాయ, గన్నేరు ఆకు కడుపులోకి వెళ్తే ప్రాణాంతకం. పత్రి తెంపేటప్పుడు పెద్దవాళ్లు తోడు వెళ్లాలి. జిల్లేడును పిల్లల చేత విరిపించకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించాకే పాలవెల్లి దగ్గరికి రానివ్వాలి.

దూలగొండి కథ ఇంకోటి. కంచెల మీద పాకే ఈ తీగకు మూడేసి ఆకులు, ఊదారంగు పూలు, గోధుమరంగు నూగు కప్పిన వంపు కాయలు. ఆ నూగు తగిలిన క్షణమే దురద మొదలవుతుంది. ఇది ఎలర్జీ కాదు కాబట్టి ఎవరికైనా వస్తుంది. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అతుక్కునే టేపును అద్ది లాగితే చాలావరకు ఊడివస్తుంది. తర్వాత నీళ్లతో కడగాలి, వేసుకున్న బట్టలు మార్చాలి.

అంటితే ఏం చేయాలి?

● మొదటి పది నిమిషాలు అన్నింటికన్నా విలువైనవి. సొన గానీ జీడి గానీ అంటిన చోట చల్లటి నీళ్లు ధారగా పోసి, సబ్బుతో మెత్తగా కడగాలి. గోళ్ల కింద మరవద్దు. ఆలస్యమయ్యేకొద్దీ రసం చర్మంలోకి ఇంకుతుంది. అప్పుడు కడిగినా ఫలం తక్కువ.

● కిరసనాయిలుతో రుద్దకూడదు. అది చర్మాన్ని ఇంకా చెడగొడుతుంది. ముందుగా నూనె పూసుకుంటే జిగురు తేలిగ్గా వదులుతుంది గానీ, అది కవచం కాదు. తర్వాత సబ్బు తప్పదు.

● చొక్కా, తలగుడ్డ, కత్తి, దోటీ, చిక్కం కూడా కడగాలి. వాటి మీద మిగిలిన రసం మళ్లీ మళ్లీ అంటుతుంది. ‘తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది’ అనుకునే చాలా సందర్భాల్లో కారణం ఇదే.

● కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం పావుగంట కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చనుబాలు, ఆముదం, పసరు ఏదీ పోయకూడదు.

● పొక్కులు చిదమకూడదు. చల్లటి తడిగుడ్డ, కాలమిన్ లోషన్ ఉపశమనమిస్తాయి. పొక్కులోని నీటితో జబ్బు ఇంకొకరికి అంటదు. పసుపు, సున్నం, ఆకుపసర్లు పూస్తే కొత్త బాధ తోడవుతుంది.

● ముఖం, కళ్లు, మర్మాంగాలు వాచినా, ఒళ్లంతా పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకూడదు. స్టెరాయిడ్ మందులు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. షాపులో అడిగి కొన్న మిశ్రమ క్రీములు రోగాన్ని ముదరబెడతాయి.

అమెరికా పెరట్లో మూడాకుల తీగ

మన జిల్లా పిల్లలు ఎందరో అమెరికాలో స్థిరపడ్డారు. వాళ్ల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు పెరట్లో కాస్త చెట్టూచేమా సవరించడం సరదా. అక్కడ అసలైన పాయిజన్ ఐవీ ఎదురవుతుంది. మారేడు దళంలా మూడేసి ఆకులు, మధ్య ఆకుకు కాస్త పొడవైన కాడ, ముళ్లు ఉండవు. చిగురు ఎర్రగా మెరుస్తుంది, ఆకురాలే కాలంలో మళ్లీ ఎర్రబడుతుంది. చెట్ల మీదికి ఎగబాకిన ముదురు తీగకు వెంట్రుకల్లాంటి వేర్లు దట్టంగా ఉంటాయి. కాయలు తెల్లటి చిన్న గుత్తులు. అయిదేసి ఆకులుంటే అది వర్జీనియా క్రీపర్, వేరే మొక్క.

ఆకు రాలిన చలికాలంలోనూ తీగలో విషపు నూనె ఉంటుంది. పెంపుడు కుక్క బొచ్చుకు అంటి ఇంట్లోకి వస్తుంది. పీకిన తీగను ఎట్టి పరిస్థితిలోనూ తగలబెట్టకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం. పూజకు మారేడు దొరికిందని మూడాకులు కోయబోయే ముందు పిల్లలను ఒక్క మాట అడగండి.

కోతల్లోపు చేయాల్సింది

మామిడి మీద పగ అక్కర్లేదు. నల్లజీడి చెట్టును నరకనక్కర్లేదు. అడవికి అది అవసరం. మార్చుకోవాల్సింది కోసే పద్ధతి. అనుభవమున్న మేస్త్రీలు కుర్రాళ్లకు చెప్పే మాట ఒకటుంది: “కాడతో కొయ్యి నాయనా, మొగం పక్కకు తిప్పుకో, కంట్లో పడితే కన్ను పోతాది.” ఆ మాటలో శాస్త్రం ఉంది. కాయ లోపలి గొట్టాల్లో సొన ఒత్తిడితో నిలిచి ఉంటుంది. తొడిమ మొదలంటా ఊడితే ఒక్కసారిగా చిమ్ముతుంది. కాస్త కాడ ఉంచి కత్తిరిస్తే చిమ్మదు. తర్వాత నీడలో కాయను తలకిందులుగా పట్టి కాడ విరిస్తే, సొన కాయ మీద గానీ మనిషి మీద గానీ పడకుండా నేల మీదికి కారిపోతుంది.

బయటి మార్కెట్లకు వెళ్లే బేనీషా కాయకు ఈ జాగ్రత్త ఎలాగూ తీసుకుంటారు. సొన మచ్చ పడిన కాయకు రేటు పడిపోతుంది కాబట్టి. గుజ్జుకు వెళ్లే తోతాపురికి మచ్చతో పనిలేదు గనుక దులిపేయడమే, గుంజేయడమే. కాయ మచ్చకు ఉన్న లెక్క మనిషి చర్మానికి లేకపోవడం అన్యాయం. తోపు గుత్తకు తీసుకునేవాళ్లు, రైతులు, ఫ్యాక్టరీల యాజమాన్యాలు ఈ లెక్కను సరిచేయాలి.

అందుకు కావలసిన ఖర్చు పెద్దది కాదు. తోపులో ప్రతి గుంపు దగ్గరా ఒక డ్రమ్ము నీళ్లు, రెండు సబ్బులు. కోసేవాళ్లకు నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, ఉతుక్కునే తొడుగులు. ఫ్యాక్టరీలో కాయ కడిగి, తొక్క తీసే ఆడవాళ్లకు చిరగని రబ్బరు తొడుగులు, చిరిగిన రోజే కొత్తవి. సొన పడని మనిషికి ఆ సీజనుకు తూకం, లెక్కలాంటి వేరే పని, కూలి తగ్గించకుండా. బడుల్లో వానాకాలం మొదట్లో ఒక పూట పిల్లలను ఊరి చుట్టూ తిప్పి వయ్యారిభామ, దూలగొండి, జిల్లేడు, ఉమ్మెత్తలను దూరం నుంచి చూపించడం. ఆశా కార్యకర్తలకు ఈ పొక్కులను గుర్తుపట్టే శిక్షణ.

పూతలపట్టు తోపుల్లో వచ్చే పూత ఎంత నిలుస్తుందో, రేటు ఎంత పలుకుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. కోసే మనిషికి బకెట్టు నీళ్లు, సబ్బు ముక్క అందించడం మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంది. ఈసారి కోత ఒప్పందం మాట్లాడుకునే రోజునే రేటుతో పాటు ఆ మాటా ఖాయం చేసుకోవాలి.